లేని డ్రైవు

తెనాలి, 2006 ఆగస్టు, మంగళవారం

ఆసుపత్రి ల్యాబ్ కంప్యూటర్‌ను విండోస్ నుంచి లైనక్స్‌కు మార్చి, రిపోర్టుల ప్రోగ్రామ్ తెరిచే పాత స్క్రిప్టును, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల జాబితాను, నిన్న నేనే తిరగరాశాను. ప్రోగ్రామ్ తెరిచే ముందు అది డీ డ్రైవులోని చెత్త ఫోల్డరుకు వెళ్ళి, అందులో ఉన్నదంతా తుడిచెయ్యాలి. లైనక్స్‌లో డీ డ్రైవు అనేదే ఉండదు. ఆ ఒక్క లైనూ చూసుకోలేదు, వెధవని. ఈ పొద్దున స్క్రిప్టు అక్కడికి వెళ్ళలేక ఉన్నచోటే తుడిచేసింది. ఉన్నచోట వారం రోజుల రిపోర్టులున్నాయి.

అడవులదీవి నుంచి భర్త రిపోర్టు కోసం వచ్చినావిడకు, మళ్ళీ పరీక్ష చెయ్యాలని చెప్పాను.

"మళ్ళీ వెన్నులో సూది గుచ్చుతారాండి? పోయినసారి నొప్పికి మా ఆయన కదిలాడు. అందుకేనాండి?" అంది.

"కాదమ్మా, కంప్యూటర్ పాడైంది," అన్నాను.

కంప్యూటర్‌కేం, నేను రాసింది రాసినట్టు చేసింది.

ఆవిడ వెళ్తూ నాకు దణ్ణం పెట్టింది.