కుడివైపు కప్పు

అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగబోతే నాకే నవ్వొస్తోంది, అయినా అడుగుతున్నాను. ఆ మాయదారి జ్వరం నిన్ను తీసుకెళ్లి ఎనిమిది నెలలు నిండాయి. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం... నీ సైకిలు తప్ప.

నువ్వు పోయిన నెలలోనే మన గంజాం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసింది. బరంపురంలో కొందరు సంబరపడ్డారు, కొందరు మొహాలు ముడుచుకున్నారు. మన రామయ్యపట్నంలో మాత్రం అదే ఇసుక, అదే ఉప్పుగాలి. ఆ రెండూ చేరి నీ సైకిలు నడుంలో దూరి కూర్చున్నాయి.

నడుం అన్నది నీ మాటే. రెండు పెడళ్లనూ కలిపే ఇరుసు, దానికి అటో కప్పు, ఇటో కప్పు, కప్పుల్లో ఇనప గుళ్లు. "సక్రం వొంకరైతే ఎవుడికైనా అగుపడతాది. నడుం పోతే తొక్కినోడికే తెలుస్తాది" అనేవాడివి. తెలిసింది. పొద్దున్నే చేపల బుట్ట వెనక కట్టుకుని బయల్దేరితే సగం దారిలోనే కాళ్ల కింద కటకట. బరంపురం బడా బజారు చేరేసరికి ఎండ ముదిరి చేపల కళ్లు పాలిపోయేవి.

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. పడవ చెక్కకి సొర నూనె పూస్తే సముద్రం కూడా దాన్ని ఏమీ చేయలేదు కదా, ఇనుముకీ అదే మందు అనుకున్నాను. ఎడమ కప్పు విప్పి నిండా పోశాను. నెల తిరిగేసరికి అది జిగురై, ఇసుకని పట్టుకుని, గుళ్లని కదలనివ్వలేదు. కప్పులు గుంటలు పడ్డాయి. నేను ఎక్కడికెళ్లినా కంపు. గ్రీజు డబ్బా గూట్లోనే ఉంది, కానీ అది ఎందుకో చెప్పావా? అడిగితే చెప్పే అలవాటు నీకు ఎప్పుడుంది గనక?

బడా బజారులో కొత్త కప్పులు కొన్నాను. అక్కడి ఒడియా మేస్త్రీ నాలుగు రోజులు సైకిలు వదిలేసి వెళ్లమన్నాడు. నాలుగు రోజులు వల ఆగుతుందా? నేనే బిగించుకుంటానని గొప్పగా చెప్పి వచ్చేశాను. ఆ నాలుగు రోజులూ మన వాకిట్లోనే పోయాయి, పైన ఇంకో ఆరు కూడా.

ఎడమ కప్పు ఊడింది. కుడి కప్పు ఊడలేదు.

"కుడేపు కప్పు జోలికి ఏడాదికోపాలి ఎల్తే సాలు" అనేవాడివి. ఆ ఏడాదికోసారి నన్ను ఎడమవైపు కూర్చోబెట్టి చక్రం పట్టుకోమనేవాడివి. నువ్వు అవతలివైపు, నీ పీట మీద. "సక్రం కదలనీకు. నా సేయి సూడు." చూశాను. నాలుగేళ్లు చూశాను. కడ్డీల సందులోంచి నీ చేయి, చేతిలో పానా, ఎడమకి... ఎడమకే తిరిగేది. కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

అందుకే నేనూ ఎడమకే తిప్పాను. కిరసనాయిలు పోసి తిప్పాను. పానాకి ఇనప గొట్టం తొడిగి తిప్పాను. సుత్తితో కొట్టాను. ఎంత తిప్పితే అంత బిగుసుకుంది. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, నీ పేరు పెట్టి తిట్టాను... అమ్మ విని లోపలికి వెళ్లిపోయింది.

ఈ పది రోజులూ వదిన బుట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగింది. అమ్ముడుపోనివి ఉప్పులో వేసింది. ఇంటికొచ్చి పాదాలు వేణ్నీళ్లలో పెట్టుకుని కూర్చునేది. చివరికి ఒకనాడు చెప్పింది. బడా బజారు వ్యాపారి ఒకాయన సైకిలు అడుగుతున్నాడనీ, గురువారం వచ్చి తీసుకెళ్తాడనీ. నేను అరిచాను. ఆమె అరవలేదు. మన వాకిట్లో తుప్పు పట్టే కంటే ఎవరో ఒకరు తొక్కడమే నీకు ఇష్టమంది. నిజమేనా? నీకు ఇష్టమేనా?

బుధవారం మధ్యాహ్నం పానా విసిరికొట్టాను. వదిన వెళ్లి దాన్ని తీసుకొచ్చింది. ఒకసారైనా చేయి వేయకుండా పంపేశానే అని రేపు తన మనసే తనని పీకుతుందట, తనూ చూస్తానంది. అవతలివైపు గోడకి నీ పీట ఆనించి ఉంది. ఏడాది తీరేదాకా దాని మీద ఎవరూ కూర్చోకూడదని అమ్మ అలా పెట్టింది. నేను కూడా ఇన్నాళ్లూ నేల మీద చతికిలబడే పనిచేశాను. వదిన దాన్ని వాల్చుకుని కూర్చుంది.

నేను అలవాటుగా ఇటు వచ్చి చక్రం పట్టుకున్నాను.

నువ్వు పోయాక ఆ చోట కూర్చోవడం అదే మొదలు. సందులోంచి చూస్తే వదిన చేయి. నేను చెప్పినట్టే ఎడమకి తోస్తోంది... నా కంటికి అది కుడికి వెళ్తోంది. నీ చేయి ఎప్పుడూ అలా వెళ్లలేదు. అప్పుడు అర్థమైంది, అన్నయ్యా. ఎదురుగా కూర్చున్న నాకు ఎడమ అయింది నీకు కుడి.

లోకంలో మరలన్నీ ఎడమకి తిప్పితే ఊడతాయి, ఈ కప్పు ఒక్కటీ కుడికి తిప్పితే ఊడుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా?

కుడికి తిప్పమన్నాను. పది రోజులుగా ఎడమ, ఎడమ అని కొట్టుకున్నవాణ్ని కదా, వదిన నమ్మలేదు. అయినా కాళ్లు నేలకి తన్నిపెట్టి తోసింది. కిర్రుమని కదిలింది. వదిన పానా పట్టుకునే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, నాది సగం కోపమే.

కొత్త కప్పులకి ఈసారి గ్రీజే పట్టించాం. "పక్కకి పదకొండు గుళ్లు. పన్నెండోది పడతాదనిపిస్తాది, పెట్టకు." పెట్టలేదు. ఎడమ కప్పు కుదిరేసరికి మాత్రం పొద్దుగుంకింది. బిగిస్తే పెడలు కదలదు, వదిలితే ఊగుతుంది. కుదిరిందనుకుని పైన రింగు బిగిస్తే కప్పు కూడా దాంతో తిరిగిపోతుంది. "బిగించీసి టికే ఎనక్కి రా" అనేవాడివి, ఒడియా మాట కలిపి. టికే అంటే కొంచెం, సరే. ఎంత కొంచెం? అదీ చెప్పలేదు. తొమ్మిదోసారికి దొరికింది.

గురువారం వ్యాపారి మన ఇంటికి వచ్చేసరికి నేను బడా బజారులో ఉన్నాను. బుట్టలో చేపల కళ్లు ఇంకా మెరుస్తున్నాయి. వదినే అతనికి మంచినీళ్లిచ్చి పంపేసిందట.

ఒక్కటి అడుగుతాను. నీ చేయి చూడమన్నావు, చూశాను. ఒక్కసారైనా ఇటు వచ్చి నా పక్కన కూర్చోరా అని ఎందుకు అనలేదు? ఇంకా చాలా ఏళ్లున్నాయి కదా అనుకున్నావా...

నీ పీట మళ్లీ గోడకి ఆనించలేదు. అమ్మ కూడా దాన్ని అలాగే ఉండనిచ్చింది. వచ్చే ఏడు కుడి కప్పు తీసేటప్పుడు వదిన చక్రం పట్టుకుంటుంది, నేను నీ పీట మీద కూర్చుంటాను. ఆ పై ఏడు మళ్లీ చోట్లు మారతాం. ఇద్దరికీ రెండు వైపులూ తెలిసి ఉండాలి. మాట ఇస్తున్నాను.

చక్రం కదలనివ్వని
నీ తమ్ముడు