ముగ్గురు గురువుల గదికి అడ్డుగోడ వద్దు

జియాచింగ్ చక్రవర్తి ఏలుబడి ఇరవై ఒకటో ఏడు, నాలుగో నెల, తొమ్మిదో రోజు, హూజౌ. నేటి పనులు: పట్టుపురుగులకు ఆరుసార్లు మల్బరీ ఆకు, పన్నెండు తట్టలు శుభ్రం చేయడం, మూడు పూటల వంట, ఒక పూట ధ్యానం. అన్నీ పూర్తి.

షెన్ వారి కోడలు యాన్ సుపింగ్ అనే నేను, యాభై రెండేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా స్వయంగా రాస్తున్న వీలునామా ఇది. ఆకు లెక్క ఇంతవరకు తప్పలేదు కనుక నా బుద్ధి స్థిమితాన్ని ఎవరూ శంకించనక్కర్లేదు.

1. పట్టు తీసే రాట్నం, కాగు కోడలు చాయున్‌కి. నీళ్లు మరీ మరిగితే దారం తెగుతుంది, చల్లారితే గూటినుంచి ఊడిరాదు. ధ్యానంలో ఊపిరితో రాజేసే నిప్పూ అంతే. ఆ సంగతి నా దగ్గర నేర్చుకున్నది ఆమె ఒక్కతే.

2. నా రసవాదపు పుస్తకం పెద్దవాడు వెన్‌జోకి. ఇప్పుడు బడిపంతులు. పదహారేళ్లప్పుడు అందులో సీసం, పాదరసం అని చదివి, అవి ఒంట్లోని ప్రాణశక్తులకు పెట్టిన పేర్లని తెలియక, నిజం సీసం తెచ్చి నా అన్నం కుండలో కరిగించాడు. కుండ పాడైంది. ఈసారి చివరిదాకా చదవాలి.

3. నా నూలు దుప్పటి చిన్నవాడు లియాంగ్‌కి. బుద్ధుడి భక్తుడు, పట్టు కట్టడు, పురుగుల్ని ఉడికించే చోట నిలబడడు. "పట్టు అమ్మి కొన్న బియ్యం మాత్రం గొంతు దిగుతుందేం?" అని వాళ్లన్న దెప్పిన నాటినుంచి, రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

4. నా పుట్టింటి సొమ్ముతో కట్టిన దక్షిణపు గది ఇద్దరికీ ఉమ్మడి. అక్కడి బల్లమీద పెద్దవాడి గురువు కన్‌ఫ్యూషియస్, చిన్నవాడి బుద్ధుడు, నా ధ్యానానికి గురువైన లావోజీ పటాలున్నాయి. నడిమి చోటు ఎవరిదన్న తగవుతో వెన్‌జో గోడ కట్టడానికి నేలమీద సున్నపు గీత గీశాడు. గోడ లేచిందంటే నా తర్వాత వీళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పెద్దల్ని చూసుకోమన్నా, ప్రాణిని కరుణించమన్నా, ఊపిరిని నెమ్మది చేయమన్నా, ముగ్గురూ దిద్దమన్నది ఒక్క మనసునే. కాబట్టి నడిమి చోటు నెలకొకరిది. ఎవరు ఇటుక పేర్చినా గది చాయున్ పరం. పురుగుల తట్టలు పెట్టుకుంటుంది.

ఇంతవరకు ఇద్దరికీ చదివి వినిపించి, మొదటి నెల ఎవరిదని అడిగాను.

"మీ గురువుగారినే పెట్టన్నయ్యా, పెద్దాడివి" అన్నాడు లియాంగ్, నేల చూస్తూ.

"చాల్లే పెద్దరికం. మీ బుద్ధుణ్ణే కూర్చోబెట్టరా" అన్నాడు వెన్‌జో.

ఈ తగవూ ఎంతకీ తెగలేదు. మొదటి నెల లావోజీకి రాశాను.

సంతకం: యాన్ సుపింగ్
సాక్షులు: ఆడపడుచు షెన్ యూజు, పడవ నడిపే హో దాచ్వాన్

అన్నదమ్ముల మధ్య రెండేళ్ల పలకరింపు బాకీ: నేటితో చెల్లు.