కుళాయి తిప్పి ఏడవకు

చిన్నోడా, నేను డ్యూటీకి పోతున్నా. అన్నం కుక్కర్లో ఉంది, కూర వేడి చేసుకో. మాత్ర తిన్నాకే వేసుకో, పరగడుపున కాదు. మీ షాపు నుంచి ఫోనొచ్చింది. చెక్క రేపుగానీ రాదట, ఇవాళ నీకు పని లేదు. పని లేదని మంచం మీద దొర్లకు. ఆ స్టూలు కాలు బాగుచెయ్యి. వడ్రంగి ఇంట్లో స్టూలు కుంటితే నలుగురూ నవ్వుతారు. సాయంత్రం తాగుడు మానేసినవాళ్ళ మీటింగుకి వెళ్ళు. గొడుగు తలుపు వెనకాలే ఉంది, వానని సాకు చెప్పకు.

ఇంకో మాట. తాగుడు మానేసినప్పటి నుంచి రోజూ గుమ్మంలోనే నా మొహం మీద "హా" అని ఊదుతున్నావు, నేను అడక్కపోయినా. నేనూ వాసన చూసి "సరే, పోయి అన్నం తిను" అంటున్నా. నిన్నా అదే అన్నా. ఆ తర్వాత నువ్వు బాత్రూంలో కుళాయి తిప్పి పెట్టి ఏడ్చావు. గోడకి ఇవతలే ఉన్నాన్రా, నాకు వినపడదా? నోట్లో వాసన లేనంత మాత్రాన మనసు బాగున్నట్టేనా?

ఇక నా మీద ఊదొద్దు. వచ్చి పక్కన కూర్చుని, రోజెలా గడిచిందో చెప్పు. చెప్పబుద్ధి కాకపోతే ఊరికే కూర్చో, నేనేం విసుక్కోను.

అక్క

మర్చిపోయా. ఈసారి ఏడుపొస్తే హాల్లో నా ముందే ఏడువు. నువ్వు ట్యాంకు ఖాళీ చేసిన పుణ్యాన, ఇవాళ చెంబెడు నీళ్ళతో స్నానం అయిందనిపించుకుని పోతున్నా.