మడత విప్పని దుప్పటి

వదినా,

కులాసాగా ఉన్నానని రాసినా నువ్వెలాగూ నమ్మవు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. వచ్చే నెల పదో తారీఖున వస్తున్నాను. ఈలోగా నీకొక సంగతి చెప్పాలి.

పోయినసారి వచ్చినప్పుడు నాకోసం బీరువాలోంచి కొత్త దుప్పటి తీసి పరిచావు. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నవాణ్ణి, అలాంటి దుప్పటి ఎవరికి పరుస్తారో నాకు తెలియదా? రేపో మాపో వెళ్లిపోయేవాళ్లకే. పొద్దున్నే, "కాఫీలో చక్కెర ఎంత వెయ్యమంటావు?" అని అడిగావు. నన్ను పెంచినదానివి, చిన్నప్పుడు డబ్బాలో చక్కెర బుక్కినందుకు నా వీపు విమానం మోత మోగించినదానివి! అన్నయ్యా నువ్వూ వంటింట్లో పోట్లాడుకుంటూ, నేను రాగానే గప్‌చుప్ అయిపోయారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ, "మళ్లీ ప్రయాణం ఎప్పుడు?" అన్నారు. ఇక్కడేమో నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా, "మీది ఏ దేశం?" అంటాడు. రెండుచోట్లా చుట్టాన్నే అయిపోయాను.

ఈసారి పాత దుప్పటి చాలు, చిరుగున్నా సరే. చక్కెర నీ ఇష్టం. బజారుకు పంపు, ఆలస్యమైతే తిట్టు. నా ముందే పోట్లాడుకోండి, నేను నీ పక్షమే.

నడుము ఇక ఇస్త్రీబల్ల దగ్గర నిలబడనివ్వడం లేదు. అన్నయ్యకు నువ్వే మెల్లగా చెప్పు. మళ్లీ ప్రయాణం ఎప్పుడని మాత్రం అడగొద్దు వదినా. తిరుగు టికెట్టు తీసుకోలేదు.

నీ మరిది