కర్పూరం బిళ్ల

నంద్యాల,
శుక్రవారం.

ప్రిన్సిపాల్ గారికి,

తొమ్మిదో తరగతిలో పదార్థం నిర్వచనం బట్టీ పట్టించకుండా కర్పూరంతో పీరియడ్ వృథా చేశానని మీరిచ్చిన మెమో అందింది. నిజమే, చేశాను. సోమవారం ఇంకో సెక్షన్‌లోనూ చేస్తాను.

పదార్థమంతా కంటికి కనపడనంత చిన్న కణాలేనని చెప్పి, కర్పూరం డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. వాసన అందినవాళ్లను చెయ్యెత్తమన్నాను. ముందు బెంచీ నుంచి వెనక్కి ఒక్కొక్క చెయ్యే లేచింది. మార్కులు తక్కువని మీరు చివరి బెంచీలో కూర్చోబెట్టిన వసుధ మాత్రం చెయ్యెత్తి ఊరుకోలేదు. ఆళ్లగడ్డలో వాళ్ల అవ్వకు పూజా సామాన్ల అంగడి ఉంది.

"అయితే కర్పూరమే కదా టీచర్, ముక్కు దాకా వస్తాండేది? అందుకే మూత తీసిపెడితే మా అవ్వ తిడ్తాది, తూకం తగ్గిపోతాదని" అంది.

మొదటి బెంచీ నిర్వచనం అప్పజెప్పింది. కణాన్ని పట్టుకున్నది ఈ పిల్ల. తనకు సైన్సు రాదని ప్రోగ్రెస్ కార్డులో రాయమన్నారు. రాయను.

ఈ కవరులో ఒక కర్పూరం బిళ్ల పెడుతున్నాను. విప్పి, మీ బల్ల మీద వారం రోజులు వదిలేయండి. అది ఎక్కడికి పోయిందో అర్థం కాకపోతే, చివరి బెంచీని అడగండి.

ఇట్లు,
మీ సైన్సు టీచర్.