కిరసనాయిలు క్యూ

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళ సంగతి అడిగావు. అవి నా మాట వినడం ఎప్పుడో మానేశాయి. కోడలికి దగ్గు తగ్గిందా? వేడినీళ్ళు తాగమను. నేను చెప్పానని మాత్రం చెప్పకు, అసలే తాగదు.

నీ పుస్తకంలో తొలితరం మహిళా ఆర్థికవేత్తల అధ్యాయం అందింది. ఏకబిగిన చదివేశాను. భర్తల పేర్ల వెనక, అన్నల పేర్ల వెనక ఉండిపోయినవాళ్ళను ఎంత ప్రేమగా వెతికి పట్టుకున్నావురా! గర్వంతో కడుపు నిండిపోయింది. ఆఖరి పేజీకొచ్చేసరికి మాత్రం ఏడుపు ఆగలేదు.

నాన్నగారికి క్యూ సిద్ధాంతం ఎలా తట్టిందో రాయమన్నావు, నీ పుస్తకం ముందుమాటలో వేస్తానని. క్యూలో పోయే సమయం కూడా ధరలో భాగమేననీ, ఆ రెండో ధర కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళేననీ ఏటా నువ్వే పాఠం చెప్తున్నావు కదా. మీ నాన్నగారు జన్మలో క్యూలో నిలబడలేదు నాయనా. సినిమా టికెట్లు కూడా నేనే తెచ్చేదాన్ని.

కిరసనాయిలు క్యూలో నిలబడింది నేను. నువ్వు నా చంకలో ఉన్నావు. "ఇక్కడికి రాకపోతే ఈ పూట ఏం చేసేదానివమ్మా?" అని ముందూ వెనకా ఉన్నవాళ్ళను అడిగేదాన్ని. బట్టలు కుట్టే ఆవిడ "రెండు గౌన్లు కుట్టేదాన్ని" అంటే, ఆ కూలి కూడా కిరసనాయిలు ఖరీదులో కలిపాను. నేనూ ఆయన క్లాసులోనే చదివాను, మార్కులు నాకే ఎక్కువ. ఆయన పేరుతో వచ్చిన పుస్తకంలో క్యూ గురించిన అధ్యాయాలన్నీ నేనే రాశాను. లెక్కలు ఆయనవి, కాదనను.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు నా పేరు కోసం పేజీలన్నీ తిప్పాను. లేదు. ముందుమాట చివర "ఓపికగా టైపు చేసిపెట్టిన నా శ్రీమతికి" అని ఉంది. అడిగితే, "అందరూ అలాగే రాస్తారు, రెండో ముద్రణలో చూద్దాంలే" అన్నారు. రెండో ముద్రణ నాటికి ఆయన లేరు. ఎవరితో పోట్లాడను?

అదంతా టైపు చెయ్యడానికి ఎంత కష్టపడ్డావమ్మా అని కూడా అడిగావు. నాకు టైపు రాదురా. మనింట్లో టైపు మిషను నువ్వెప్పుడైనా చూశావా?

నాన్నగారంటే నీకు ప్రాణం. నాకూ అంతే. ఆయన పేరు తియ్యమని అడగను. నా పేరు పెట్టడం, మానడం నీ ఇష్టం. కానీ "మన భాషలో ఇలాంటి తొలితరం స్త్రీ ఒక్కరూ దొరకలేదు" అని ఆఖర్న రాశావు చూడు, ఆ వాక్యం అచ్చుకి వెళ్ళకముందే కొట్టెయ్యి. ఇంకెవరు రాసినా ఓర్చుకుంటాను. ఆ క్యూలో నువ్వు నా చంకలోనే ఉన్నావు కదరా.

ఇట్లు,
మీ అమ్మ