నురగ ఒడ్డుకు చేరేదాకా

చెల్లెలు అంకమ్మకు నీ అన్న పేరయ్య దీవించి రాసేది. ఫోనులో నీ ఏడుపు వింటే నాకు మాట రాదు, అందుకని కార్డు.

బావను సాగనంపే రోజు నేను రాలేదని మీ ఊళ్లో ఏమనుకుంటున్నారో తెలుసు. వాగు రోడ్డెక్కి బస్సులు ఆగాయి. పుట్టి వేసుకుని ఏరు దాటి వద్దామని రేవుకు పోయాను. నురగ, చెత్త నడి ఏట్లో పోతున్నాయి. అంటే కృష్ణ ఇంకా పెరుగుతోంది. అవి ఒడ్డుకు చేరితేనే తగ్గినట్టు.

దాటలేనని ఫోను చేస్తే, "ఏంది మావా, నీకూ భయమేనా?" అన్నాడు నీ కొడుకు గోపి.

"భయమేరా" అన్నాను. ఆ మాట నా నోట వాడెన్నడూ వినలేదు, ఫోను పెట్టేశాడు. అవతల మీ ఒడ్డున పొగ ఆగిందాకా మోకాలిలోతు నీళ్లలో నిలబడే ఉన్నాను.

ఇప్పుడు వాడు బావ అస్థికలు పుట్టిలో పోయి నడి ఏట్లో కలుపుతానంటున్నాడట. వద్దని చెప్పు. అలిగితే అలగనీ, తెడ్డు నీ మంచం కింద పెట్టుకో. వాగు తగ్గి బస్సులు మళ్లీ నడుస్తున్నాయి, పెద్దకర్మకు ముందురోజు మీ వదినా నేనూ బస్సులో వస్తాం, పుట్టింటి చీర తెస్తాం. నీళ్లు నేను చూస్తాను. తగ్గకపోతే ఒడ్డునే కలుపుదాం. బావ ఏరు ఎరిగిన మనిషి, తప్పు పట్టడు.

బర్రె ఈనిందా? వేళకు ఇంత అన్నం తిను. నీకు నేనున్నాను.

పేరయ్య